మా కంది వాకిట్లో సకినాల పండుగ

ఆటో ఎక్కి "కంది" అన్నామంటే చాలు, డ్రైవరు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. "జైలు కాడికా అమ్మా, ఐఐటీ కాడికా?" అని! ఏం చేస్తాం మరి, మా ఊళ్ళో జైలూ ఉంది, ఐఐటీ కూడా ఉంది. "రెండూ కాదు నాయనా, ఊళ్ళోకి పోనీ" అని నవ్వుతూ ఉంటాను. ఇక ఊరి పేరు వినగానే బంధువులు వేసే జోకులు సరేసరి. "మీ ఊళ్ళో పప్పుకి కరువుండదు కదా" అంటారు. ఆ మాటకొస్తే పక్కనే పటాన్‌చెరులో 1972 నుంచీ ఉన్న ఇక్రిశాట్ వాళ్ళు పరిశోధన చేసే పంటల్లో కంది కూడా ఒకటి. సంక్రాంతి రోజుల్లో పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టుకుని, అరుగు మీద కూర్చుని ఒలుచుకు తింటుంటే ఆ రుచే వేరు!

నేను పుట్టింది కృష్ణా జిల్లా నందిగామ దగ్గర ఒక పల్లెటూరు. (ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది లెండి.) ఇంటర్ పాసయ్యాక రెండేళ్ళకి, 1999లో పెళ్ళి చేసి కంది పంపించారు. మా వారు పటాన్‌చెరులో ఒక కంపెనీలో ఫిట్టరు. "అంత దూరమా!" అని మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మా నాన్నగారు ఒకటే మాటన్నారు: "దూరమేముందే, మన ఊరి ముందు రోడ్డే పిల్ల ఊరి ముందుకీ వెళ్తోంది" అని. అది నిజమే. మచిలీపట్నం నుంచి నందిగామ, సూర్యాపేట, హైదరాబాదు, పటాన్‌చెరు, జహీరాబాదు మీదుగా పూణే వెళ్ళే రోడ్డు అది. అప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు 65 అంటున్నారు. పటాన్‌చెరు దాటాక ఇస్నాపూర్, రుద్రారం, ఆ తరువాత మా కంది. శంకర్‌పల్లి రోడ్డూ, నాందేడ్ వైపు వెళ్ళే రోడ్డూ ఇక్కణ్ణుంచే చీలుతాయి.

ప్రతి సంక్రాంతికీ పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు తీరిన కార్లని టీవీలో చూపిస్తారు కదా! అందరూ పండక్కి అటు వెళ్తుంటే నేను మాత్రం ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉండిపోతున్నాను. ఎందుకో చెప్పాలంటే సకినాల సంగతి చెప్పాలి.

జిలేబీలు చుట్టిన కొత్త కోడలు

పెళ్ళయ్యాక మొదటి సంక్రాంతి 2000లో వచ్చింది. మా అమ్మ పెద్ద స్టీలు డబ్బా నిండా అరిసెలు పంపింది. నేను దాన్ని గొప్పగా తెచ్చి అత్తమ్మ ముందు పెట్టి, "మా వైపు పండగంటే అరిసెలేనండీ" అన్నాను. ఆవిడ ఒకటి తుంచి నోట్లో వేసుకుని, "మంచిగున్నయి బిడ్డా. మాకు అరిసెలు రావనుకున్నవా? అయి గూడ జేస్తం. కని రేపు సకినాలు జుట్టాలె, నువ్వు గూడ కూసో" అన్నారు.

సకినాలంటే అప్పటిదాకా పేరు వినడమే. మర్నాడు మధ్యాహ్నం చూద్దును కదా, వాకిలంతా ఊడ్చి, చాపలు పరిచి, వాటి మీద ఉతికిన తెల్ల ధోవతులు పరిచారు. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చేశారు. అత్తమ్మ ముందుగా పిండితో చిన్న గౌరమ్మని చేసి, పసుపు కుంకుమ పెట్టి ఒక పక్కన కూర్చోబెట్టారు. అప్పుడు మొదలైంది చుట్టుడు! వాళ్ళ చేతుల్లోంచి పిండి దారంలా మెలి తిరుగుతూ జారిపోతుంటే నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఒక చుట్టు చుట్టూ ఇంకో చుట్టు, దాని చుట్టూ మరొకటి. అచ్చు పోసినట్టు వస్తున్నాయి. చేతిలో అచ్చూ లేదు, గొట్టమూ లేదు.

నేనూ ఒక ముద్ద తీసుకున్నాను. మొదటి చుట్టు మూడు చోట్ల తెగింది. రెండోది మొదటిదాని మీదకెక్కి కూర్చుంది. ఒకావిడ నవ్వి, "కొత్త కోడలు జిలేబీలు జేస్తున్నది, పాకం బట్టుండ్రి" అంది. అందరూ ఫక్కుమన్నారు. నాకేమో ఏడుపొక్కటే తక్కువ! అత్తమ్మ మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, "గట్ల పిసుకొద్దు బిడ్డా. బొటనవేలు, చూపుడువేలు, గీ రెండే పని జెయ్యాలె. చెయ్యి జర వదులు బెట్టు, పిండి తిరుగుతది" అని చూపించారు. ఆ రోజు నేను చుట్టిన వంకర సకినాలన్నీ విడిగా వేయించి, "ఇయి నా కోడలు జేసినయి" అని వచ్చినవాళ్ళందరికీ మొదట అవే పెట్టారు. సిగ్గుతో లోపలికి పారిపోయాను కానీ, ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఒక్క చేత్తో అయ్యే పని కాదు

చెయ్యని వాళ్ళకి ఇదేదో జంతికల లాంటిదే అనిపిస్తుంది. కాదండీ! జంతికలు గొట్టంలో పిండి పెట్టి ఒక్కరే కూర్చుని వత్తేసుకోవచ్చు. సకినాలకి చాలా చేతులు కావాలి. కారణం పిండి. కొత్త బియ్యం నానబెట్టి, నీళ్ళు వంపి, గుడ్డ మీద కాసేపు ఆరబెట్టి, చేతికి చెమ్మ తగులుతుండగానే గిర్నీకి పట్టుకెళ్ళాలి. ఆ తడిపిండిని ఆ రోజే వాడెయ్యాలి. మర్నాటికి పెడితే పులుపెక్కుతుంది. అయిదారు కిలోల పిండిని ఒక్క మధ్యాహ్నంలో చుట్టాలంటే ఒక్కరి వల్ల అవుతుందా? నడుం పడిపోతుంది. అందుకే ఈ రోజు మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో, ఎల్లుండి ఇంకొకరింట్లో అని వంతులు పెట్టుకుంటారు. పండక్కి ముందు వారం పది రోజులూ గిర్నీ దగ్గర బియ్యం గిన్నెల వరస చూడాలి, రేషను షాపుని మించి ఉంటుంది!

ఇంకో విచిత్రం చెప్పనా? మా అమ్మ అరిసెలకి పట్టించేది కూడా ఇదే తడిపిండి. బెల్లం పాకంలో పడితే అరిసె, ఉప్పూ నువ్వులూ వాములో పడితే సకినం. ఆ సంగతి తెలిశాక నాకు ఈ ఇల్లు కొంచెం దగ్గరైంది. అప్పట్నించి మా ఇంట్లో ఒకే గిర్నీ పిండిని రెండు భాగాలు చేసి రెండూ వండుతున్నాం. అత్తమ్మ అరిసెలు వత్తేవారు, నేను సకినాలు చుట్టేదాన్ని. గరిజెలు మాత్రం ఇద్దరం కలిసి చేసేవాళ్ళం. వాటినే మా పుట్టింటి వైపు కజ్జికాయలంటారు. ఆ పేరు మీద మాత్రం ఇద్దరం చివరిదాకా రాజీ పడలేదు!

కంపెనీ ఆగిన ఏడాది

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. ఇది ఇన్నాళ్ళూ ఎవరితోనూ చెప్పుకోలేదు.

2008 చివర్లో మా వారి కంపెనీకి ఆర్డర్లు తగ్గిపోయాయి. ముందు ఓవర్‌టైము తీసేశారు. తరువాత సి-షిఫ్టు ఆపేశారు. దసరా వెళ్ళాక ఒక రోజు గేటుకి కాగితం అంటించారట. మా వారు వెళ్ళిన బస్సులోనే తిరిగొచ్చారు. మూడు నెలలు జీతం లేదు. బాబుకి ఏడేళ్ళు, పాపకి అయిదు. ఉన్న రెండు గాజుల్లో ఒకటి సంగారెడ్డిలో తాకట్టుకి వెళ్ళింది. పాలు అరలీటరుకి తగ్గించాను. ఇక సంక్రాంతి దగ్గరకొచ్చింది.

"అత్తమ్మా, ఈసారి పిండివంటలు వద్దు. పిల్లలకి ఇంత పాయసం చేసి పెడితే చాలు" అన్నాను. నూనె డబ్బా, నువ్వులు, బెల్లం లెక్కేసుకుంటే గుండె దడగా ఉంది మరి. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. చీర కొంగు సర్దుకుని బయటికి వెళ్ళారు. గంట తరువాత వచ్చి, "ఎల్లుండి వాకిట్ల చాపలేద్దాం" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. వీధిలో అందరికీ మా కష్టం చెప్పుకుని వచ్చారనుకున్నాను. ఆ రాత్రి ఆవిడతో మాట్లాడలేదు. అన్నం కూడా కంచంలో పెట్టి పక్కన పెట్టేశాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

చెప్పిన రోజున ఒక్కొక్కరే వచ్చారు. ఎదురింటి వదిన నానబెట్టిన బియ్యం పట్టించి బేసిన్‌తో తెచ్చింది. మూలింటి అక్క నువ్వులు, వాము పట్టుకొచ్చింది. ఇంకొకరు పల్లీ నూనె డబ్బా దింపారు. నేను తలెత్తకుండా చాపలు పరుస్తున్నాను. అప్పుడు ఎదురింటి వదిన అంది కదా, "మీ అత్తమ్మ మంచి ఉపాయం జెప్పింది వదినా. ఇంటింటికి తిరుగుడెందుకు, మా వాకిలి పెద్దది, నేను, కోడలు ఇద్దరం ఉన్నం, అందరియి ఈడనే చుట్టుదాం, చుట్టినోళ్ళకు పాలు తీస్తే సరిపాయె అన్నది. మాకు గూడ సులువయింది."

అంతే! కంపెనీ మాట ఆవిడ ఎవరి దగ్గరా ఎత్తలేదు. అడగలేదు, చెయ్యి చాపలేదు. మా దగ్గర లేనిది డబ్బు. ఉన్నవి వాకిలి, నాలుగు చేతులు. ఆవిడ ఆ ఉన్నవాటినే ముందు పెట్టారు. తెల్లవారి తొమ్మిది నుంచి దీపాలు పెట్టేదాకా అత్తమ్మ, నేను నడుం ఎత్తకుండా చుట్టాం. పొయ్యి దగ్గర ఇద్దరు, చుట్టడానికి ఎనిమిది మంది. మా వారు మూకుడు దింపడానికీ, గ్యాసు బండ మార్చడానికీ సాయం చేశారు. మూడు నెలల్లో ఆయన నవ్వగా చూసింది ఆ రోజే. సాయంత్రం భాగాలు పెడితే మా వంతుకి రెండు డబ్బాలు వచ్చాయి. పిల్లలు చెరో సకినం వేలికి తొడుక్కుని వీధంతా పరుగులు తీశారు.

రాత్రి అత్తమ్మ కాళ్ళకి నూనె రాస్తూ, "తప్పయిపోయింది అత్తమ్మా" అన్నాను. ఆవిడ, "దేనికే?" అన్నారు. నేను చెప్పలేదు, ఆవిడ మళ్ళీ అడగలేదు. మార్చిలో మా వారికి వేరే కంపెనీలో పని దొరికింది. కానీ ఆ పద్ధతి మాత్రం మానలేదు. అప్పట్నించి మా వీధి సకినాలన్నీ మా వాకిట్లోనే!

కొత్త మనుషులు, కొత్త రుచులు

ఆ తరువాత ఊరు మారిపోయింది. ఐఐటీ 2008లో మొదట ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో మొదలై, 2015లో మా కందిలోని సొంత ప్రాంగణానికి వచ్చింది. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది, కంది మండలం అయింది. చేలల్లో ప్లాట్ల రాళ్ళు పాతారు. ప్రతి ఇంటి మీదా ఇంకో అంతస్తు, దానికో 'టు లెట్' బోర్డు. పాశమైలారం, పటాన్‌చెరు కంపెనీల్లో పనిచేసే బీహారు, ఒరిస్సా, మహారాష్ట్ర వాళ్ళు అద్దెలకి దిగారు.

మా వెనకింట్లో లాతూరు నుంచి వచ్చిన కుటుంబం ఉంది. సంక్రాంతి నాడు ఆవిడ నువ్వుల ఉండలు చేతిలో పెట్టి, తియ్యగా మాట్లాడమని వాళ్ళ భాషలో చెబుతుంది. అలా చెప్పి పెట్టడం వాళ్ళ ఆచారమట. పెద్ద మాటే అనుకోండి. కుళాయి దగ్గర పోట్లాడుకున్న మర్నాడు కూడా ఆ ఉండ తిని మాట్లాడుకోవలసిందే! మా మేడ మీద అద్దెకున్న బీహారు అమ్మాయికి ఆ రోజు అటుకులు, పెరుగు, బెల్లం తప్పనిసరి. కార్తీకంలో ఛఠ్ పండక్కి గోధుమపిండీ బెల్లంతో ఠేకువాలు చేస్తుంది. గట్టిగా, కమ్మగా ఉంటాయి, పదిహేను రోజులైనా పాడవ్వవు.

ఆ పిల్ల కొత్తగా వచ్చినప్పుడు మెట్ల మీద కూర్చుని మా చుట్టుడు చూస్తుండేది. అత్తమ్మకి హిందీ అంతంత మాత్రం. "ఆవ్ బేటీ, బైఠో" అని పిలిచి చేతిలో ముద్ద పెట్టారు. ఆ అమ్మాయిది ఎడమచేతి వాటం. దాని సకినాలన్నీ మాకు ఎదురు దిక్కున తిరుగుతాయి! ఎన్నిసార్లు సరిచేసినా అంతే. అత్తమ్మ నవ్వి, "తిరగనియ్యి తియ్, నూనెలకు దిక్కు తెలుస్తదా?" అన్నారు.

మూకుడు పెట్టని సంక్రాంతి

2019లో అత్తమ్మకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అయినా ఆ సంక్రాంతికి కుర్చీ వేయించుకుని కూర్చుని, "పిండి గట్టిగైంది, జర నీళ్ళు చల్లు", "గామె దగ్గర చుట్టు సన్నగైంది" అంటూ అందరినీ అదిలిస్తూనే ఉన్నారు. 2021లో కరోనా భయానికి ఎవరింట్లో వాళ్ళమే ఉండిపోయాం. ఒక్కదాన్నే కిలో పిండి కలుపుకుని వంటింట్లో కూర్చుంటే చేతులు కదల్లేదు. ఆ ఏడే నవంబరులో ఆవిడ వెళ్ళిపోయారు.

మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండుగ చెయ్యరు, నూనె మూకుడు పెట్టరు కదా. 2022 సంక్రాంతికి వాకిలి బోసిగా ఉంది. చిన్న ముగ్గు కూడా వెయ్యలేదు. భోగి రోజు పొద్దున్నే తలుపు చప్పుడైంది. ఎదురింటి వదిన డబ్బా. తరువాత మూలింటి అక్క. ఆ తరువాత వరసగా వస్తూనే ఉన్నారు. మేము చేసుకోకూడదు గనక వాళ్ళు తెచ్చి పెట్టడం రివాజే. కానీ సాయంత్రానికి పదకొండు డబ్బాలయ్యాయి!

మూతలు తీసి చూస్తూ కూర్చున్నాను. పేర్లు రాసి లేవు, అక్కర్లేదు కూడా. సన్నగా, నాలుగు చుట్లతో ఉన్నవి ఎదురింటి వదినవి. నువ్వులు దండిగా ఉన్నవి మూలింటి అక్కవి. చివర ముడి వెయ్యడం మరిచిపోయినవి వెనకింటి మరాఠీ ఆవిడవి. ఒక డబ్బాలో చుట్లన్నీ ఎదురు దిక్కున తిరిగి ఉన్నాయి. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ డబ్బా చూడగానే వచ్చేసింది. అన్నీ అత్తమ్మ వాకిట్లో పడిన చేతులే మరి.

ఇప్పుడు సంగతి

ఇప్పుడు సంగారెడ్డిలో, పటాన్‌చెరులో స్వీటు షాపుల్లో సకినాలు కిలోల లెక్కన దొరుకుతున్నాయి. వాటిని నేను తీసిపారెయ్యను. ఉద్యోగాలు చేసే ఆడపిల్లలకి తీరికేదీ? మా అమ్మాయి బెంగుళూరులో పనిచేస్తోంది, దానికి నేనే డబ్బా కట్టి పంపుతాను. కానీ వీలున్నవాళ్ళు ఏడాదికొక్కసారైనా నలుగురిని పిలిచి చాప వెయ్యండి. ఎవరింట్లో ఏ ఇబ్బంది ఉందో పైకి తెలియదు. అడగలేని వాళ్ళు కూడా పిండి ముద్ద పట్టుకుని మీ పక్కన కూర్చోగలరు. పోయిన సంక్రాంతికి కూడా మా వాకిట్లో పన్నెండు మంది చుట్టాం. పిండి గౌరమ్మని ఇప్పుడు నేను చేస్తున్నాను. నా సకినాలు ఇప్పటికీ అత్తమ్మవంత గుండ్రంగా రావు!

కొత్తగా మొదలుపెట్టే చెల్లెళ్ళ కోసం కొలతలు: కిలో కొత్త బియ్యం అయిదారు గంటలు నానబెట్టి, వంపి, నీడన ఆరబెట్టి, చెమ్మగా ఉండగానే పట్టించి జల్లించాలి. పావుకిలోకి కొంచెం తక్కువ నువ్వులు, రెండు చెంచాల వాము, తగినంత ఉప్పు వేసి, నీళ్ళు కొద్దికొద్దిగా చల్లుతూ చపాతీ పిండి కన్నా మెత్తగా కలపాలి. పిండి గట్టిగా ఉంటే చుట్టు తెగుతుంది, జారుగా ఉంటే నూనె తాగుతుంది. కలిపిన పిండి మీద తడిగుడ్డ కప్పి ఉంచండి. గుడ్డ మీద మూడు నాలుగు వరసలు చుట్టి, ఇరవై నిమిషాలు ఆరనిచ్చి, గుడ్డ కింద చెయ్యి పెట్టి పళ్ళెం మీదకి తీసి, అక్కణ్ణుంచి మెల్లగా నూనెలోకి జారవిడవాలి. పచ్చిగా ఉండగా వేస్తే నూనె చిమ్ముతుంది, పిల్లల్ని దగ్గరకి రానివ్వకండి. మధ్యస్థంగా ఉండే మంట మీద, ఎర్రబడకుండా, తెల్లగా కరకరలాడేలా తియ్యాలి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెడితే పండగ వెళ్ళాక రెండు వారాలైనా నిలవుంటాయి, పిల్లలు ఉంచితే!

మొదటిసారి వంకరగా వస్తే బెంగపడకండి. ఆ వంకర సకినాలనే అందరికన్నా ముందు, అందరి ముందూ పెట్టండి.